బెల్టు తీసుకొని జోగారావు గారిని ఇప్పించమని

ఏలూరు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు, తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లు ముఠా కూలీ షేక్ మదార్ పెట్టుకొను అర్జీ. తేదీ 12-11-2007.

అయ్యా,

విషయం: నడుము బెల్టు వాపసు తీసుకొని, మనిషిని వాపసు ఇప్పించుట గురించి.

1. తమరు గత వేసంగిలో మా మిల్లు తనిఖీకి విచ్చేసి, మా నడుములు చూసి జాలిపడి, బస్తాలు మోసే ప్రతివానికీ నడుము బెల్టు ఇవ్వవలెనని ఆదేశించియున్నారు. బెల్టులు వచ్చినవి. అందుకు కృతజ్ఞుడను.

2. మా పనిలో నేల మీది బస్తాను ఎవడూ ఒక్కడే ఎత్తుకొనడు. వీపు వంచిన వానికి ఎత్తిపెట్టుటకు ఇంకొక మనిషి ఉండును. నేను మిల్లులో చేరిన నాటి నుంచి నాకు ఎత్తినది జోగారావు గారు. వయసులో నాకంటే పెద్ద.

3. బెల్టులు వచ్చిన వారమే మేనేజరు పట్టాభిరామయ్య గారు ఎత్తే మనుషులందరినీ మానిపించిరి. కారణమడుగగా, "నడుముకి బెల్టిచ్చాం కదయ్యా మదారూ, ఇంకా మనిషెందుకు?" అని సెలవిచ్చిరి. గట్టిగా అడిగితే పైనుంచి వచ్చిన ఆర్డరు అంటున్నారు. ఆ "పైనుంచి" అన్నది తమరే.

4. బెల్టు చెడ్డదని అనను. అది నడుమును పట్టుకొనును గాని బస్తాను పట్టుకొనదు. గణపవరం వైపు నుంచి తడి ధాన్యం వచ్చిన రోజున నేనే వంగి, మోకాలి మీదికి లాక్కొని, వీపున వేసుకొనుచున్నాను. మొన్న బస్తాతో సహా వెల్లకిలా పడితిని. సిగ్గేసింది అయ్యా. ఏడుపు కూడా వచ్చింది.

5. జోగారావు గారు చేపల చెరువు కాపలా పనికి కలిదిండి దాకా పోయి అడిగితే కుర్రాళ్లు కావాలన్నారట. వారి భార్య వరమ్మ గారు ఒక్క పూటే పొయ్యి వెలిగిస్తున్నారు.

కావున తమరు దయయుంచి జోగారావు గారిని తిరిగి పనిలో పెట్టించ ప్రార్థన. బెల్టూ మనిషీ రెండూ ఇప్పించగలిగితే మహాప్రసాదం. ఒక్కటే అయితే మనిషినే ఇప్పించండి. ఇంతకు మించి వ్రాయ ఓపిక లేదు, మిగిలినది తమరే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
షేక్ మదార్

తా.క. ఈ బెల్టు పట్టీలు వెనక నుంచి లాగి బిగించాలండీ, నా చేతులకి అందవు. మా ఆవిడ షహనాజ్ లాగితే బిగువు చాలదు. అందుకని రోజూ పొద్దున్నే జోగారావు గారే మా ఇంటికొచ్చి బిగించి పంపుతున్నారు. "సరిపోయిందా మదారూ?" అంటారు. సరిపోయిందండీ అంటాను. నేను మిల్లుకి వెళ్తాను, ఆయన ఇంటికి వెళ్తారు.