ఎనిమిదో మూడు

సారూ, ఇంట్లో కూడా నాతో అలాగే పిలిపించుకున్నారు. ఇప్పుడు మాత్రం ఎందుకు మానాలి?

మీరు పోయి నిన్నటికి ఏడాది. పోయిన మనిషికి ఇష్టమైనదాన్ని వాళ్ళ పేరిట నిలిపిన రాతి మీద రంగులతో వేయించడం మన బస్తర్ పద్ధతి కదా. మీ పక్క రాయి మీద మోటార్‌సైకిల్ ఉంది. మీకు అంకెలు వేయించాను. ఎన్ని మూళ్ళు రాసి చివర ఒకటి పెట్టినా ఆ సంఖ్య దేనితో భాగించినా తెగదని బడిలో చెప్పేవారు. ఏడు మూళ్ళ దాకా లెక్కగట్టి చూశారు, అంతవరకు నిజమే. ఎనిమిది మూళ్ళు పెడితే పదిహేడుతో శేషం లేకుండా పోతుందని మన కూతురు భారతి చేసి చూపించింది. దాని నోటుబుక్కు పొయ్యిలో పెట్టి బడి మాన్పించారు. ఇప్పుడది తెలంగాణ తోటల్లో మిరపకాయలు ఏరుతోంది.

రంగులాయన ఏడు మూళ్ళు వేసి, ఒకటి వేయబోతూ ఆగాడు. "అమ్మా, జాగా మస్తున్నది. ఇంకో మూడు పెట్టాల్నా?"

"పెట్టు," అన్నాను.

ఇప్పుడు మీ రాతి మీద 333333331 ఉంది. అందరూ దండం పెట్టి వెళ్ళారు. కూలి మానుకుని వచ్చిన భారతి వంగి, దాని కింద బొగ్గుతో 17 అని రాసింది. వానకు చెరిగిపోతే నేను మళ్ళీ రాస్తాను.