మూలలో రజాయిలు

డిసెంబర్ 3
మిక్స్ మళ్ళీ వెనక్కొచ్చింది. రెండోసారి. డోలు డోలులా లేదుట, అట్టపెట్టె మీద కొట్టినట్టుందిట. హైదరాబాద్ నుంచి వర్షిణి తీర్పు. డైరెక్టర్‌గా ఆమెకిది తొలి సినిమా. సౌండ్ మిక్సింగ్‌లో నాకూ తొలి సినిమా. పద్దెనిమిదికల్లా సరిచేయకపోతే ఇంకెవరికైనా ఇచ్చేస్తానని మొహమాటం లేకుండా చెప్పేసింది. ఇక్కడ నా గదిలో మాత్రం అదే డోలు గుండెలదిరేట్టు మోగుతోంది!

డిసెంబర్ 4
తప్పు నా చెవులది కాదు, గదిది. గ్రేటర్ నోయిడాలో మా ఫ్లాట్‌లోని ఈ చిన్న బెడ్‌రూమ్ సరిగ్గా చదరం. డోలులోని లోతైన మోత, అదే బేస్, గోడల మధ్య తిరిగి తిరిగి మూలల్లో పోగవుతుంది. నాకు లేనిది కూడా ఉన్నట్టు వినిపిస్తుంది. ఎక్కువైందనుకుని కోసేస్తాను. ఇక వర్షిణి స్పీకర్లలో మిగిలేదేముంది?

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని సుధీర్ వెక్కిరించాడు. వెక్కిరించనీ. భర్తలకు అదో సరదా. ఈ గది సంగతి తేల్చందే వదలను.

డిసెంబర్ 6
స్పాంజి షీట్లు అంటించాను. చప్పట్లు కొడితే వచ్చే ఎకో పోయింది, బేస్ మాత్రం చెక్కుచెదరలేదు. దానికి మందం కావాలి. ఇంట్లో మందంగా ఏమున్నాయి? రజాయిలు! ఐదూ తెచ్చి మూలలో నడుమెత్తు పేర్చాను. గది నడిమధ్య ఉన్న కుర్చీ కాస్త వెనక్కి జరిపాను. ప్లే.

గది గుయ్యిమనడం తగ్గింది. సంతోషంతో కేకేశాను. మరి మనం ఏం కప్పుకోవాలని సుధీర్ అడిగాడు. స్వెటర్లున్నాయిగా అన్నాను.

డిసెంబర్ 9
సుధీర్‌కి జలుబు.

డిసెంబర్ 11
తెనాలి నుంచి మా అత్తయ్య దిగారు. కొడుకు జలుబు సంగతి ఫోన్‌లో విన్నారుట. రాగానే వణికిపోతూ రజాయి అడిగారు. నా ప్రాణం ఉసూరుమంది. రెండు తీసిచ్చాను. గది కథ మళ్ళీ మొదటికొచ్చింది. ఆవిడ మీద కోపం వచ్చింది. కాసేపటికి సిగ్గేసింది కూడా.

డిసెంబర్ 13
పగలు కూడా రజాయి వదలరు. ఇక లాభం లేదని విషయమంతా చెప్పి, నాలుగు గంటలు అప్పిమ్మని అడిగేశాను. ససేమిరా అన్నారు. కావాలంటే రజాయితో సహా తానే వచ్చి ఆ మూలన కూర్చుంటారుట.

నవ్వాను. తర్వాత నవ్వు ఆపి ఆలోచించాను.

మిగిలిన మూడింటినీ మూలలో వేసి వాటి మీద కూర్చోబెట్టాను. పైన రెండూ కప్పాను. చేతికి కాఫీ ఇచ్చాను. ప్లే.

గుయ్యిమనలేదు!

డిసెంబర్ 16
రోజూ అదే ఏర్పాటు. ఆవిడ వత్తులు చేసుకుంటూ కూర్చుంటారు, నేను కోసేసిన బేస్ కొంచెం కొంచెంగా తిరిగి పెడుతుంటాను. సినిమాలో పెళ్ళికొడుకు చెవులు బావున్నాయిట. ఇవాళ సరిగ్గా డోలు దగ్గర కునుకు తీశారు. లేపలేదు. ఆవిడ నిద్ర చెడకుండా డోలు నిండుగా వినిపించింది.

డిసెంబర్ 18
పంపాను.

సాయంత్రం వర్షిణి ఫోన్. డోలు నేరుగా వచ్చి కడుపులో తగిలిందిట. ఒప్పేసుకుంది! గదిలో కొత్తగా ఏం పెట్టావని అడిగింది.

మా అత్తగారిని, అన్నాను.

డిసెంబర్ 29
అత్తయ్య తెనాలి వెళ్ళిపోయారు. వెళ్తూ రజాయిలన్నీ మూలలో పొందిగ్గా పేర్చి వెళ్ళారు. ఐదూ ఉన్నాయి, లెక్కపెట్టాను.

గది గుయ్యిమంటోంది.