మామయ్యగారి గొంతుకి మైకు

మామయ్యగారూ,

నేను ఆసుపత్రికి వెళ్తున్నాను, ఈరోజు పగటి డ్యూటీ. మైకు మీ గదిలో బట్టల బీరువా ముందు పెట్టాను. బీరువా తలుపులు తెరిచే ఉంచండి, ఎదురుగా బట్టలుంటే గది మోగదట. ఫ్యాను ఆపేయండి. వైర్లన్నీ తగిలించేశాను. కంప్యూటరు తెర మీద ఎర్ర బొత్తాం నొక్కి పాడటమే. మిగతా బొత్తాలేమిటో నాకూ తెలియదు. ఉన్నవాటిలో తేలికైన సాఫ్ట్‌వేరే ఎక్కించాను. పెద్దది నేర్చుకునేలోపు సోమవారం వచ్చేస్తుంది.

షాపతను మూడు మైకులు చూపించాడు. ఒకటి ఊపిరిని కూడా పట్టేస్తుందట, కానీ వీధిలో హారన్లనూ వదలదట. "ఎవరు పాడతారండీ?" అని అడిగాడు. "మా మామయ్యగారండీ, సంగీతం మాస్టారు. సోమవారం ఆపరేషన్లో స్వరపేటిక తీసేస్తారు" అన్నాను. అతను ఊపిరి పట్టేదే నా చేతిలో పెట్టాడు. హారన్లు పడితే పడనివ్వండి.

నిన్న మీరు "నా పాటలు ఎవరు వింటారు, వదిలెయ్" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. మేం వినమా?

పదకొండేళ్లుగా ఈ గొంతు ఆపరేషన్ల వార్డులోనే నర్సుని. ఎందరికో ధైర్యం చెప్పాను. మీ దగ్గరికొచ్చేసరికి ఏం చేయాలో తోచక షాపుల వెంట తిరిగాను.

ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లున్నాయి.

మరో మాట. పాటలయ్యాక, నేను రాగానే "అమ్మాయ్, వచ్చావా?" అంటారు కదా, అది కూడా ఒకసారి రికార్డు చేయండి. ఎదురుగా అడగలేకపోయాను.