అనుదిన అంబలి

మామ్మా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి నేటికి ఏడాది. నీకు చదువు రాదు, ఇది నీకు చేరదనీ తెలుసు. అయినా, ఈ పొద్దున్న అమ్మ మళ్లీ ప్రార్థన చేసిందన్న మాట నీకు రాయకుండా ఉండలేకపోతున్నాను.

నీ తరవాత మన ఇంట్లో కుండ దించాక ప్రార్థించేవాళ్లు లేకపోయారు. "మీ మామ్మని బతికించమని అడిగినాను. ఇయ్యలేదు. మరింకేటి అడుగుతాను?" అనేది అమ్మ. నాన్నా నేనూ కళ్లు మూసుకుని, తెరిచి, తినేవాళ్లం.

ఇవాళ చోడి అంబలి దించి అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. పరలోక ప్రార్థనలో అందరూ "అనుదినాహారము" అనే చోట, "అనుదిన అంబలి దయచేయి తండ్రీ" అంది. అచ్చం నువ్వు అనేలాగే.

నాన్న నవ్వాడు. "అది ఆహారమే. మా యమ్మ తప్పు సెప్పింది, నువ్వూ అదే పట్టుకున్నావు."

"తప్పేటి? కుండలో ఉన్నాది అంబలే గదా. దాని పేరే సెప్పి అడిగినాను."

కాలేజీలో ఇప్పుడు సంధులు చెబుతున్నారు. అనుదినాహారాన్ని విడదీసి సవర్ణదీర్ఘమని రాయగలను. ఆ మాటలోంచి ఆవిరి, ఉల్లిపాయ వాసన రావడం మాత్రం ఇవాళే చూశాను.

మిల్లుకి బయల్దేరుతూ నాన్న, "ఒసే, రేపటిక్కూడా ఇప్పుడే అడిగేస్తే సరిపోయేది గదే" అన్నాడు.

"రేపటికి రేపు అడుగుతాను" అంది అమ్మ, గరిటె కడుగుతూ.