కచేరీనాడు తీసిన ఉంగరం

విజయనగరం,
13-2-1968

చి.సౌ. ఎలీసమ్మకు దేవుని కృప నిండుగా కలుగుగాక.

మన చిన్నమ్మాయి జ్ఞానసుందరి పియానో కచేరీ నిన్న సాయంత్రం దివ్యంగా జరిగినది. మద్రాసు, బొంబాయి మెచ్చిన పిల్లను మన జిల్లావారు వినడం ఇదే మొదలు. స్వరాలు సీసపద్యంలా గంభీరంగా నడిచి, చివర ఎత్తుగీతిలా తేలికపడినప్పుడు నా కన్నులు చెమర్చినవి.

ఒక చిక్కు వచ్చి తీరినది. వాయించేముందు పిల్ల ప్రధానపుటుంగరం తీసి నా చేతికిచ్చినది. ముందు వరుసలో కూర్చున్న కాబోయే వియ్యంకులు ఏసుదానంగారు ఆ వట్టి వేలు చూచి, కచేరీ ముగియగానే నా మీదికి వచ్చినారు.

"ఏటి బావా, మావోడి ఉంగరం తీసీసినాది! సమ్మంధం ఒద్దంతే నోటితో సెప్పొచ్చు గదా!"

నేను బదులు చెప్పేలోగా పిల్ల ఆయనను పియానో వద్దకు తీసుకొనిపోయినది. "మావయ్యా, నీ ఉంగరాల్తోటే ఈ మెట్టు కాణ్ణించి ఆ మెట్టుదాకా ఏళ్లు సాపి వాయించి సూడు."

ఉంగరాలు మెట్లకు తగిలి టకటకలాడినవి.

"ఓలమ్మా, ఇయి ఏళ్లు కావే, సిడతలు!" అని ఆయన పకపక నవ్వి, "కచేరీనాడు గొలుసుకి గుచ్చి మెడలో ఏసుకో తల్లీ" అన్నారు.

కనుక నీ సన్నపు గొలుసు గురువారంలోగా, ఈ ఉత్తరం తెచ్చిన అప్పలసూరి చేతనే పంపు. శుక్రవారం పిల్ల కలకత్తా మెయిలు ఎక్కుతుంది, సోమవారం అక్కడ కచేరీ. పెద్దమ్మాయికి పాలు పడుతున్నవా? పసిదానికి జలుబు తగ్గినదా?

ఆ గొలుసు నీ పుట్టింటివారు పెట్టినదని ఎరుగుదును. పురిటి పనుల వల్ల నీవు నిన్న రాలేకపోతివి. కలకత్తాలో మాత్రం పిల్ల వాయించినంతసేపూ నీవు దాని మెడను అంటిపెట్టుకొని ఉంటావు.

అందరికీ ఆశీస్సులు.

సత్యం