పైడమ్మగారి కుడిచేయి విషయమై

భుయ్యాడీహ్, జంషెడ్‌పూర్
10-2-2025

కార్మిక ఫిర్యాదుల విచారణాధికారి గారి సముఖమునకు

విషయం: నేను ఠేకేదారును, అనగా కూలీల కాంట్రాక్టరును, కాననియు, నా వద్ద వ్యాయామం చేయు పదకొండుమంది స్త్రీలు నా కూలీలు కారనియు, అయినను పైడమ్మగారి చేయి విరిగిన సంగతిలో నేను చెప్పుకోవలసినది ఒకటి మిగిలి ఉన్నదనియు.

అయ్యా,

అసిరయ్య గారి కుమారుడను, దుర్గాప్రసాద్ అను నేను, వయసు ముప్పయి నాలుగు, వృత్తిరీత్యా పర్సనల్ ట్రైనర్‌ను. ఏ జిమ్ములోనూ ఉద్యోగిని కాను. బిర్సానగర్‌లో దుర్గాపూజ పందిరి వేసే మైదానంలో ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఆడవారికి వ్యాయామం నేర్పుతాను. తమ గది తలుపు పక్కన పలక మీద ఇంటిపేరు చదివి, తమరు మా శ్రీకాకుళం వైపువారేనని గుమాస్తా గారి వల్ల రూఢి చేసుకుని, ఈ అర్జీ తెలుగులో రాసుకుంటున్నాను. మా వకీలు గారు హిందీలో ఒకటి ముందే దాఖలు చేశారు. అందులో జరిగింది తప్ప అన్నీ ఉన్నాయి.

1. తమ కార్యాలయపు నోటీసులో నన్ను ఠేకేదారు అనియు, సదరు పదకొండుమందిని ఠేకా కూలీలు అనియు పేర్కొన్నారు. పద్నాలుగో తేదీ శుక్రవారం విచారణకు వారి హాజరు పుస్తకం, జీతం చీటీలు, పి.ఎఫ్. నంబర్లు, హెల్మెట్లు ఇచ్చినట్టు రసీదులు తీసుకురమ్మన్నారు. హాజరు పుస్తకం ఉంది. ఎవరు ఎన్ని గుంజీలు తీశారో, ఎవరికి ఏ మోకాలు నొప్పో అందులో ఉంటుంది. జీతాల మాటకొస్తే వారే నాకు ఇస్తారు గాని నేను వారికి ఇచ్చేది లేదు. హెల్మెట్ పెట్టుకుని గుంజీలు తీయమని చెప్పే ధైర్యం నాకు లేదు.

2. ఈ గందరగోళం ఎలా మొదలైందో మనవి చేస్తాను. గత ఏడాది దసరా వెళ్ళాక, ఫోన్లో ఒక వీడియో చూశాను. ఎవరికైనా దెబ్బ తగిలితే ట్రైనర్ జైలుకు పోతాడు, ముందే బాధ్యత కాగితం మీద సంతకాలు తీసుకోవాలి అని అందులో ఒకాయన వేలు చూపిస్తూ చెప్పాడు. ఆ రాత్రి నుంచి నాకు కుదురు లేదు. పదకొండుమందిలో అయిదుగురికి షుగరు, ఇద్దరికి బీపీ. వారిలో ఎవరు కాస్త ఆయాసపడినా నాకు చెమటలు పట్టేవి. ఇంటర్నెట్లో దొరికిన కాగితాలన్నీ ఇంగ్లీషులో పది పన్నెండు పేజీలున్నాయి. నేను తలపట్టుకుని కూర్చుంటే మా నాన్న ఇనప్పెట్టె తెరిచాడు. ఆయన ముప్పయ్యేళ్ళు ఒక ఠేకేదారు దగ్గర సూపర్‌వైజరుగా చేసి విరమించాడు.

"కాయితం కోసం ఏట్రా అంత ఎతుకులాట? ఇదుగో. ముప్పయ్యేళ్ళు ఈ కాయితం మీదే పని సేయించినాను. ఒక్కుడు నన్ను ఏలెత్తి సూపలేదు" అన్నాడు.

అది కర్మాగారం గేటు దగ్గర ఠేకా కూలీల చేత సంతకం పెట్టించుకునే భద్రతా పత్రం. మా బస్తీలో దాన్ని చదివిన మనిషి లేడు. సంతకం పెట్టని ఇల్లూ లేదు. పని పేరు రాసేచోట వ్యాయామం అని నింపి, పదకొండు జిరాక్సులు తీయించాను. ఆడవారు కూడా ఒక్క ప్రశ్న అడగలేదు. ఈ కాగితం మీద మొగుడు సంతకం పెట్టగా చూశారు, కొడుకు పెట్టగా చూశారు. తమ దాకా వచ్చిందని కొందరు ముచ్చటపడ్డారు కూడా.

3. సదరు పత్రంలో తొమ్మిదో అంశం ఇలా ఉంది: "పని స్థలమందు కూలీకి ఏ ప్రమాదము జరిగినను పూర్తి బాధ్యత ఠేకేదారుదే." నన్ను కాపాడుతుందని నేను తెచ్చుకున్న కాగితం ఇది. దాని కింద ఠేకేదారు అన్నచోట పదకొండుసార్లు నేనే సంతకం చేశాను. పక్కన ముద్ర కూడా వేశాను. ఆ ముద్ర సాక్చి బజారులో ప్రత్యేకంగా చేయించుకున్నది.

4. డిసెంబరు ఇరవయ్యో తేదీ శుక్రవారం ఉదయం పైడమ్మగారు, వయసు అరవై మూడు, మైదానంలోని సిమెంటు అరుగు ఎక్కి దిగే వ్యాయామం చేస్తూ జారి పడ్డారు. కుడిచేయి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆమె కుమారుడు కిషోర్ ఒక ఠేకేదారు ఆఫీసులో ఇవే పత్రాలు ఫైలు చేసే ఉద్యోగి. అమ్మ దిండు కింద ఆ జిరాక్సు చూడగానే అతనికి తొమ్మిదో అంశం గుర్తుకొచ్చింది. దాన్ని జతచేసి నా మీద తమకు ఫిర్యాదు పెట్టాడు. ఈ ఊళ్ళో దాన్ని చదివినవాడు అతనొక్కడే కాబోలు. నేను వెళ్ళి "బాబూ, ఇది పొరపాటున వాడిన కాగితం" అని తెలుగులో చెప్పుకుంటే, "కాగజ్ మే జో లిఖా హై, వహీ హోగా" అని హిందీలో తలుపు వేశాడు. కాగితంలో ఏముంటే అదే జరుగుతుందట. అతని మీద నాకు కోపం లేదు. వాళ్ళమ్మ నొప్పితో మూలుగుతుంటే రాత్రంతా పక్కన కూర్చున్నవాడు అతను.

5. మా వకీలు గారి వాదన ఏమనగా, అది మంచు తడి. ప్రకృతి వల్ల జరిగిన ప్రమాదం. నా పర్యవేక్షణలో లోపం లేదు. కేసు తేలేదాకా పైడమ్మగారి గుమ్మం తొక్కవద్దని, తొక్కితే తప్పు ఒప్పుకున్నట్టేనని గట్టిగా చెప్పారు. నేను సరేనన్నాను.

6. అయ్యా, ఇక్కడి నుంచి నాకు అర్జీ భాష సాగడం లేదు. ఇది కూర్చుని రాస్తున్నది కూడా కాదు. కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడి రాస్తున్నాను. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవడం లేదు.

అరుగు ఎక్కే ప్రతివారికీ నేను మోచేతి కింద చేయి పెట్టి ఎక్కిస్తాను. గట్టిగా లెక్కపెడతాను. ఎక్కడానికి ఒకటి, దిగడానికి రెండు. అదే నా పద్ధతి, నాకున్న విద్య అంతే. ఆ రోజు మంచు పడిందని నాకు తెలుసు. అరుగు తడిసిందని కూడా తెలుసు. పైడమ్మగారు నాలుగు దాకా వచ్చారు. అప్పుడు ఈశ్వరిగారు ఆలస్యంగా వచ్చారు. ఆమె ఒక్కరిదే సంతకం బాకీ ఉంది. సంతకం లేకుండా ఆమెకు ఏమైనా అయితే నా గతేమిటని, పైడమ్మగారి చేయి వదిలి, ఆ జిరాక్సు తీసి, ఇక్కడ పెట్టండమ్మా అని వేలితో చూపిస్తున్నాను. అయిదు అనలేదు. వెనక చప్పుడైంది.

ఆ మాట మా వకీలు గారికి చెప్పలేదు. నాన్నకు చెప్పలేదు. భయంతో కాగితం పట్టుకున్నాను, చేయి వదిలేశాను. పైడమ్మగారు కింద పడి కూడా, "నానే జారిపోనాను బాబూ, నీ తప్పు నేదు" అన్నారు. ఆ మాట నన్ను పడుకోనివ్వడం లేదు.

7. జనవరి ముప్పయ్యొకటిన కట్టు విప్పారు. రోజూ మూడుసార్లు వేళ్ళు, మణికట్టు ఆడించాలని, అశ్రద్ధ చేస్తే చేయి బిగుసుకుపోతుందని డాక్టరు గారు చీటీ రాసిచ్చారు. చూసివచ్చిన ఈశ్వరిగారు నాతో ఇలా అన్నారు: "సెయ్యి ఒళ్ళో ఎట్టుకుని కూకుంటంది. కదపమంటే, లెక్కెట్టేవోడు నేడు గదేటి అంతంది."

ఆ కుడిచేత్తోనే ఆమె రోజూ అందరికీ వండి పెడుతుంది. నేను డాక్టరును కాను. డాక్టరు చీటీలో ఉన్నది ఉన్నట్టు చేయించగలను. పక్కన కూర్చుని లెక్కపెట్టగలను. వారం రోజులుగా ఉదయం ఆరుగంటలకు వారి కిటికీ ఎదుట రోడ్డు మీద నిలబడి ఒకటి నుంచి ఇరవై దాకా గట్టిగా లెక్కపెట్టి వస్తున్నాను. గుమ్మం తొక్కలేదు. కిటికీ మూసే ఉంటుంది. పాలు పోసే మనిషి నన్ను చూసి సైకిల్ దిగి చుట్టూ తిరిగి పోతున్నాడు.

కాబట్టి తమరు దయతో ఆ పదకొండుమందినీ కూలీల జాబితా నుంచి తీసివేయగలరు. నన్ను ఠేకేదారు అన్న మాట కొట్టివేయగలరు. తొమ్మిదో అంశాన్ని మాత్రం పైడమ్మగారి మటుకు ఉండనివ్వగలరు. నేను ఆ ఇంట్లోకి వెళ్ళడానికి కిషోర్ ఒప్పుకునేలా శుక్రవారం ఒక్క మాట చెప్పగలరు. గుమ్మం తొక్కితే తప్పు ఒప్పుకున్నట్టే అని చట్టంలో ఉంటే, అలాగే రాసుకోండి. శుక్రవారం దాకా ఆగడమే నాకు కష్టంగా ఉంది.

ఈ మనవి తమరు చిత్తగించి, ఆ చేయి బిగుసుకోకముందే ఆజ్ఞ ఇప్పించగలరని ఎదురుచూస్తూ,

తమ విధేయుడు,
దుర్గాప్రసాద్
(ముద్ర వేయలేదు. పారేశాను.)

మరొక మాట: కవరు అంటించాక మళ్ళీ విప్పాను, మన్నించాలి. ఈ ఉదయం నేను ఎనిమిది అంటుండగా కిటికీ రెక్క తెరుచుకుంది. కిషోర్ ఫోన్ పట్టుకుని వీడియో తీశాడు. శుక్రవారం నా మీద సాక్ష్యంగా తమకు చూపిస్తాడట. దయచేసి శబ్దం పెంచి వినండి. అతని వెనక గదిలోంచి ఒక గొంతు వినిపిస్తుంది: "ఏట్రా దుర్గా, అంత బేగి లెక్కెడితే ఎలాగ? నాను ఇంకా నాలుగు కాడే ఉన్నాను. ఆగు!"

నేను ఆగాను. చాలాసేపు ఆగి, అయిదు అన్నాను.