పాలు పొంగేలోపు

సరోజా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన స్టూడియో కంప్యూటర్ ప్రాసెసర్‌ని మొదటిసారి ఓవర్‌క్లాక్ చేశాను, కంపెనీ పెట్టిన వేగాన్ని దాటించి. కాలిపోతుందేమోనని భయం. అందుకే వేగం కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతిసారీ వేడి ఎంతుందో చూసుకున్నాను. ఏమీ కాలేదు.

రాజాంలో తీసిన పెళ్లి వీడియోని తయారవడానికి పెట్టి, అలవాటుగా టీ కాయడానికి లేచాను. ఇదివరకు వీడియో తయారయ్యేదాకా మనిద్దరికీ కబుర్లే పని. ఆలస్యమవుతోందని నేను విసుక్కుంటే నవ్వేదానివి.

"దానికి లేని తొందర నీకేటి మావా? కూకో, టీ తాగు."

ఇవాళ పాలు పొంగేలోపే వీడియో అయిపోయింది. ఎదురుచూడటానికి ఏమీ మిగల్లేదు.

సాయంత్రం వేగం మళ్ళీ పాతదానికే తగ్గించేశాను. ఇంకో పెళ్లి వీడియో పెట్టి, టీ పట్టుకుని నీ కుర్చీ పక్కన కూర్చున్నాను.